ఏరినవాడిదే మొదటి గిన్నె

“గుమ్మంలో నిలబడి చెప్తే నా చెవికెక్కదు మాస్టారూ. అందులోనూ తెల్లచెవుల పుట్టగొడుగుల సంగతి. లోపలికి రా.”

“కూర్చునే టైము లేదు బాబాయ్. ఇంకా పద్నాలుగు ఇళ్ళు తిరగాలి. ఈ కాయితం తీసుకోండి. ఒక్కసారి చదివి గోడకి అంటించుకోండి, చాలు.”

“కళ్ళజోడు కనబడట్లేదు.”

“మీ నెత్తి మీద ఉంది.”

“నెత్తి మీదున్నవన్నీ నావే అనుకుంటే ఎట్లా! నువ్వూ ఇప్పుడు నా నెత్తి మీదే ఉన్నావు. హత్సూ! కుదో మాస్టారొచ్చారు, ఇంకో గిన్నె పెట్టు!”

అకితా కొండల్లో అక్టోబరు నెల. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి బుట్టల్లో పుట్టగొడుగుల మంచిచెడ్డలు చూసి చెప్పిన కుదో మాస్టారికి, కిసబురో ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతున్నదేమిటో గుమ్మంలోనే తెలిసిపోయింది. చెప్పులు విప్పి లోపలికి నడిచారు.

“కుండలో ఏముంది పిన్నీ?”

“ఏముంటుంది నాయనా. మిసో చారు.”

“చారులో?”

“ముల్లంగి. టోఫు. కాస్త వంకాయ.”

“పుట్టగొడుగుల చారులో వంకాయేమిటి?”

“పుట్టగొడుగులని నేనన్నానా?”

“వాసన అంటోంది.”

“ముక్కుతో వినే మనిషి దగ్గర దాపరికమేమిటి హత్సూ. చెప్పెయ్. తెల్లచెవులే మాస్టారూ. ఎగువ కొండలో నేను కొట్టిన సుగి మొద్దులున్నాయి చూడు, వాటి మీద పూశాయి. నలభై ఏళ్ళు రంపం లాగినందుకు ఆ చెట్లు నాకు ఇస్తున్న పింఛను.”

“వంకాయ వేస్తే విషం విరిగిపోతుందని వేశావు. అంతేనా పిన్నీ? అది ఉత్త మాటని ముప్ఫై ఏళ్ళ నుంచీ చెప్తున్నాను.”

“ఆ ఒక్క మాట మీద నిలబడ్డావు మాస్టారూ, సంతోషం. మిగతావన్నీ మార్చేశావు.”

“మీరుండండి బాబాయ్. పిన్నీ, విషం లేదనుకున్నదానివి వంకాయ ఎందుకు వేశావు? టీవీలో వార్త చూశావా?”

“నిన్న చూశాం.”

“చూసి కూడా పొయ్యెక్కించావా!”

“ఆయన పెట్టమన్నారు నాయనా. వద్దంటే వింటారా. అందుకే నేను—”

“అందుకే వంకాయ! టీవీ మాట సగం, మొగుడి మాట సగం. ఇద్దరికీ న్యాయం చేసింది మా ఆవిడ.”

“బాబాయ్, నవ్వులాట కాదు. చదువుతాను, వినండి. ‘మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఈ పుట్టగొడుగును ఎంతమాత్రం తినరాదు.’ మూడు జిల్లాల్లో మనుషులు పడిపోయారు. కొందరు పోయారు కూడా. ఒకళ్ళకొకళ్ళు తెలీదు, ఒక ఊరివాళ్ళూ కాదు. అందరూ తిన్నది ఒక్కటే.”

“అన్నమూ తినే ఉంటారు. అన్నం మానేద్దామా?”

“అన్నం తిన్న మిగతావాళ్ళు బాగానే ఉన్నారు కదా.”

“తెల్లచెవులు తిన్న మిగతావాళ్ళూ బాగానే ఉన్నారు కదా.”

“కిడ్నీలు బాగున్నవాళ్ళు బాగున్నారు. లేనివాళ్ళు...”

“ఏం విషమది?”

“తెలీదు.”

“పేరేమిటి దానికి?”

“ఇంకా పేరు పెట్టలేదు.”

“కాడలో ఉంటుందా, రెక్కలో ఉంటుందా? ఉడికిస్తే పోతుందా, ఎండబెడితే పోతుందా?”

“అదీ తెలీదు బాబాయ్.”

“విన్నావా హత్సూ? విషయం తెలీదు, విషం మాత్రం ఉంది! ఊరూ పేరూ లేనివాడెవడో మనింట్లో దూరాడట, పోలీసాయన వచ్చి పట్టుకుంటానంటున్నాడు. పోలికలేమిటయ్యా అంటే చూళ్ళేదంటాడు.”

“చూడకపోయినా, వాడు తిరిగిన ఇళ్ళల్లో మనుషులు పడిపోయి ఉన్నారుగా.”

“నీకెవరు చెప్పారు?”

“జిల్లా ఆఫీసు.”

“జిల్లా ఆఫీసుకి?”

“ఆసుపత్రుల డాక్టర్లు.”

“డాక్టర్లకి?”

“వాళ్ళు పోల్చి చూసుకున్నారు. ఎవరు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు.”

“ఎవర్ని అడిగి?”

“ఇంట్లోవాళ్ళని.”

“ఇంట్లోవాళ్ళంటే నాలాంటివాళ్ళు, మా హత్సులాంటివాళ్ళు. మా మాట డాక్టరు విని, డాక్టరు మాట జిల్లా విని, జిల్లా మాట నువ్వు విని, తిరిగి మా గుమ్మంలోకొచ్చి మాకే చెప్తున్నావు. ఇంత దూరం తిప్పి తెచ్చావు, దార్లో ఎక్కడా ఒలకలేదు కదా?”

“మీతో మాట్లాడ్డం నావల్ల కాదు.”

“ఇంటిపేరే కుదో. ఏదడిగినా కుదరదంటావు.”

“నాయనా, ఆయన మాటలకేం గానీ... ఒకవేళ ఎవరైనా ముందే—”

“నువ్వు పొయ్యి చూసుకో హత్సూ! అడుగంటుతోంది. ఆ చేత్తోనే మేకుకి వేలాడుతున్న పుస్తకం ఇలా తే.”

“ఏ పుస్తకం బాబాయ్?”

“నీదే. ఊరూరా పంచావుగా, బొమ్మలు వేయించి మరీ. పన్నెండో పేజీ తియ్యి. ఆ మసి మరక మాది, రాతలు నీవి. చదువు.”

“నాకు తెలుసు దాన్లో ఏముందో.”

“మాకు తెలీదు. కళ్ళజోడు లేదు. చదువు.”

“‘తెల్లచెవులు. పాత సుగి మొద్దుల మీద గుంపులుగా పూస్తాయి. వాసన శ్రేష్ఠం. వీటిని పోలిన విషజాతి ఏదీ లేదు కనుక కొత్తవారు కూడా నిర్భయంగా ఏరుకోవచ్చు.’”

“నిర్భయంగా! కింద ఎన్ని ఎర్ర చుక్కలున్నాయి?”

“మూడు.”

“మూడు చుక్కలంటే అర్థం?”

“కళ్ళు మూసుకుని తినొచ్చని.”

“ఇవాళొచ్చి, తింటే కళ్ళు మూస్తామంటున్నావు!”

“ఆ పేజీ చించెయ్యండి బాబాయ్.”

“పన్నెండు చించితే పదకొండు నమ్మాలా? పదమూడు నమ్మాలా? ఏ పేజీ దాకా నువ్వు మాస్టారివి, ఏ పేజీ నుంచి కావో అది కూడా ఒక కాయితం మీద రాసివ్వు, గోడకి అంటించుకుంటాం.”

“అప్పటికి తెలిసింది రాశాను. నాకంటే పెద్దవాళ్ళు రాసినవన్నీ చదివి, కొండలన్నీ తిరిగి, తిని చూసి రాశాను. అబద్ధం రాయలేదు.”

“అయితే ఇప్పుడు చెప్పేది అబద్ధం.”

“ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది.”

“ఏం తెలిసింది? తెలీదని తెలిసింది! ఏ విషం? తెలీదు. ఎంత తింటే? తెలీదు. అప్పుడు తెలిసినదాని మీద మూడు చుక్కలు పెట్టావు, ఇప్పుడు తెలీనిదాని మీద అడ్డగీత పెట్టావు. మా నాన్న తిన్నాడు, మా తాత తిన్నాడు. పుట్టినప్పట్నుంచీ తింటున్నాం కాబట్టే వీటిని పుట్టగొడుగులన్నారు.”

“మీ నాన్నగారి రోజుల్లో కిడ్నీలు పోయినవాళ్ళు ఎన్నాళ్ళు బతికేవాళ్ళు?”

“మొహం ఉబ్బాక నెలో, నెలన్నరో. మా మేనత్త ఇరవై రోజులు.”

“వాళ్ళు తెల్లచెవుల నెల దాకా ఆగేవాళ్ళు కాదు బాబాయ్. ఇప్పుడు మిషన్ పుణ్యాన పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉంటున్నారు. అలాంటివాళ్ళు ఊరికొకరు ఉండడం ఇప్పుడే మొదలు. అందుకే ఇప్పుడు బయటపడిందేమో.”

“ఏమో?”

“ఏమో. నా ఊహ.”

“మిషన్ పుణ్యం సంగతి నన్నడుగు, చెప్తాను. వారానికి మూడు రోజులు నా రక్తం తోడి, ఉతికి, పిండి, ఆరేసి మళ్ళీ తొడుగుతారు. ఉప్పు వద్దంటారు. అరటిపండు వద్దంటారు. పొగబెట్టిన ముల్లంగి పచ్చడి కంటితో చూసినా తప్పేనంటారు. మంచినీళ్ళు గుక్కల్లెక్కన పోస్తారు. డయాలసిస్ కాదయ్యా అది, దయలేనిసిస్! ఏడాదికి ఒక్క నెల నా నాలుక బతుకుతుంది. దానిక్కూడా నువ్వొచ్చి పాడె కట్టావు.”

“ఆ మాటలెందుకండీ!”

“నాలుక్కి అన్నానే. నాకు కాదు.”

“నాయనా, ఒక మాట అడగనా?”

“అడుగు పిన్నీ.”

“సోమవారం సోమవారం నీ బల్ల దగ్గరికి బుట్ట తెచ్చేదాన్ని. పెట్టీ పెట్టకముందే చేతులు ఆడేవి నీకు. ఇది మంచిది, ఇది చెడ్డది, ఇది పారెయ్, ఇది వండే ముందు చూపించు. అంతే. ముప్ఫై ఏళ్ళలో నీ నోట ‘ఏమో’ అన్న మాట నేను వినలేదు. ఇవాళ వచ్చిన దగ్గర్నుంచీ తెలీదు, ఏమో, తెలీదు, ఏమో...”

“అదే నేనూ అంటున్నా హత్సూ. తెలీనివాడి మాట ఎవరు వింటారు?”

“నాకు దానికే భయమేస్తోందండీ. తెలిసింది చెప్పుకోవడానికి ఎంతమందైనా వస్తారు. తెలీదని చెప్పడానికి గడపగడపా ఎక్కి దిగే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు.”

“నీకు మాస్టారు ఏం చెప్పినా గొప్పే.”

“నమ్మిన మనిషే కదండీ.”

“ఎట్లా నమ్మామో అడుగు. మాస్టారూ, నువ్వే చెప్పు. ఈ ఊరు నిన్ను ఎందుకు నమ్మిందనుకుంటున్నావు?”

“స్కూల్లో ఆటలపోటీల రోజు అనుకుంటా. టీచర్ల యూనియన్ వాళ్ళు ఏరి తెచ్చిన విషపు పుట్టగొడుగులు రెండు బుట్టలూ మట్టిలో గుమ్మరించేశాను కదా. ఏరుకుని తిన్న నలుగురూ రాత్రంతా వాంతులు చేసుకున్నారు. అప్పట్నుంచీ...”

“అప్పట్నుంచీ ఆ నలుగురూ నిన్ను తన్నాలని చూశారు. నమ్మడం వేరే.”

“ఆరోగ్యశాఖ వాళ్ళ సర్టిఫికెట్ వచ్చాక?”

“దాన్ని ఎవడు చదివాడు? గుర్రం బొమ్మ వేసిచ్చినా అద్దం కట్టించుకునేవాడివి. సర్టిఫికెట్ కాదు, పుస్తకం కాదు. మీ అమ్మ.”

“అమ్మా?”

“నువ్వు బల్ల మీద ఏది మంచిదన్నా, మేం నీ మొహం చూసేవాళ్ళం కాదు. మీ అమ్మ బుట్టలోకి చూసేవాళ్ళం. ఆవిడ ఇంటికి పట్టుకెళ్తే మేమూ పట్టుకెళ్ళేవాళ్ళం. కొడుకు చదువు ఎంతటిదో తల్లి తిని చూపించింది. హత్సూ, అవునా కాదా?”

“అవును. కినూ అక్క కొంగులో ఏముందో చూశాకే నేను మూట కట్టుకునేదాన్ని.”

“అందుకని సూటిగా అడుగుతున్నా. ఈ కాయితం గురించి మీ అమ్మ ఏమంటోంది?”

“అమ్మ ఊళ్ళో లేదు బాబాయ్.”

“తెలుసు. మీ అక్క ఇంటికి వెళ్ళిందన్నావు. ఇంకా రాలేదా?”

“లేదు.”

“తెల్లచెవుల నెలలో కినూ అక్క ఊరు దాటదే! ఎన్నాళ్ళయింది నాయనా వెళ్ళి?”

“పన్నెండు రోజులు. మా అక్కకి ఒంట్లో బాగాలేదు, సాయానికని...”

“ఫోన్ చేద్దాం. అదిగో ఫోన్. మీ అమ్మ ఒక్క ముక్క చెప్పమను, కిసబురో, తినకురా అని. ఈ కుండ నేనే ఎత్తి పారబోస్తాను.”

“ఇప్పుడొద్దు.”

“ఎందుకొద్దు?”

“పడుకుని ఉంటుంది.”

“మిట్టమధ్యాహ్నమా? కొంగు నడుముకి చుట్టుకుని కొండెక్కే మనిషి మిట్టమధ్యాహ్నం పడుకుంటుందా?”

“అమ్మ సంగతి వదిలెయ్యండి బాబాయ్. మీ సంగతి చూడండి. ఈ ఏడాది ఇంకా తినలేదు కదా మీరు?”

“తిననిచ్చావా? గిన్నె ముందు పెట్టుకునే టైముకి దిగబడ్డావు.”

“పిన్నీ, తినలేదు కదా?”

“నేను తాగితే నాకేం కాలే—”

“ఏటేటా! ఏటేటా తాగుతోంది, ఏమీ కాలేదంటోంది. మొదటి గిన్నె తనదే కదా. ఈ ఊళ్ళో ఏరినవాళ్ళు తాగి చూపించందే రెండోవాడు గిన్నె ముట్టడు. మా తాతల నాటి సర్టిఫికెట్ అది, అద్దం అక్కర్లేదు. ఇవాళ మాత్రం ఆ మొదటి గిన్నె నీది మాస్టారూ. హత్సూ, పొయ్యి. నిండా పొయ్యి.”

“నాకెందుకు?”

“ముప్ఫై ఏళ్ళు నువ్వు ‘తినొచ్చు’ అన్నదాన్ని మేం తిన్నాం. ఇవాళ తినొద్దంటున్నావు. నువ్వు తాగు. తాగితే నిన్ను నమ్ముతా. నమ్మితే నువ్వు చెప్పినట్టే తాగడం మానేస్తా.”

“నేను తాగితే నాకేమీ కాదు. దాన్ని చూసి మీరు తాగుతారు.”

“నీకేమీ కాకపోతే నాకెందుకవుతుంది? కుండ ఒకటే, గరిటె ఒకటే. నీ గిన్నెలో అమృతం, నా గిన్నెలో విషం! ఈ పుట్టగొడుగు ఆసుపత్రి చీటీ చదువుతుందా? కిసబురో, మంగళ గురు శని, అని రాసుంటే కరుస్తుందా?”

“అలాగే అనుకోండి.”

“అనుకోను.”

“బాబాయ్, ముప్ఫై ఏళ్ళూ మనం చేసిన తప్పు అదే. మొదటి గిన్నె తాగినవాడు లేచి నడిస్తే రెండో గిన్నె మంచిదే అనుకున్నాం. రెండో గిన్నె ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూళ్ళేదు. ఏరేది కొండెక్కగలిగినవాడు. వాడికేం, వాడి కిడ్నీలు బాగుంటాయి. జబ్బుమనిషి ఇంట్లో కూర్చుని రెండో గిన్నె కోసం చూస్తుంటాడు.”

“ఇది ఎవరు చెప్పారు? జిల్లావాళ్ళా?”

“ఎవరూ చెప్పలేదు.”

“కాయితంలో ఉందా?”

“లేదు.”

“మరి నీకెట్లా తట్టింది?”

“తట్టింది.”

“బాగా చెప్పావు. చెప్పడం నిపుణుడి వంతు, నిప్పు మీద కుండ నా వంతు. తాగు.”

“తాగను.”

“నీ కిడ్నీలు బాగున్నాయా?”

“బాగున్నాయి.”

“తాగితే నీకేమీ కాదని నువ్వే అన్నావు.”

“అన్నాను.”

“అయితే తాగు.”

“నావల్ల కాదు.”

“చూశావా హత్సూ! ఏమీ కాదని తెలిసినవాడు తాగట్లేదు. అంటే తెలీదన్నమాట. భయం. నీ చదువు మీద నీకే నమ్మకం లేదు, నన్ను నమ్మమంటావు. ఇలా ఇవ్వు ఆ గిన్నె.”

“బాబాయ్, కింద పెట్టండి.”

“చెయ్యి వదులు. చారు ఒలుకుతోంది.”

“ఒలకనివ్వండి. పిన్నీ, నువ్వైనా చెప్పు!”

“నేను చెప్తే వింటారా నాయనా! నువ్వే చెప్పు. ఎందుకు తాగవో చెప్పు. అదొక్కటి చెప్తే వింటారు.”

“గొంతు దిగదు పిన్నీ.”

“ఎందుకు దిగదు?”

“దిగదంతే.”

“మూడు చుక్కలు పెట్టినవాడివి, గొంతు దిగకపోవడమేమిటి మాస్టారూ? చెయ్యి వదులుతావా, లేదా?”

“అమ్మ తిన్నది బాబాయ్.”

కిసబురో చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుదో మాస్టారి చెయ్యి కూడా ఆ చెయ్యి మీద అలాగే ఉంది.

“ఏమిటీ?”

“అమ్మ మా అక్క ఇంట్లో లేదు. పట్నం ఆసుపత్రిలో ఉంది. పన్నెండు రోజుల నుంచీ. మొదటి రెండు రోజులూ నన్ను చూసి, మీరెవరండీ, మా అబ్బాయికి కబురు పెడతారా అని అడిగింది. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత మాట లేదు. గొంతులో గొట్టం వేశారు.”

“అయ్యో నాయనా... కినూ అక్కకి కిడ్నీల జబ్బెక్కడిది?”

“రెండేళ్ళయింది. మిషన్ దాకా రాలేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దంది. కుదో మాస్టారి తల్లి తిన్నవి పడక జబ్బుపడిందని అనుకుంటారేమో అంది. నా పేరు పోతుందని దాచింది.”

“ఎవరు ఏరారు?”

“నేనే. నేనే ఏరాను, నేనే వండాను, మొదటి గిన్నె నేనే తాగాను. నాకేమీ కాలేదు. రెండో గిన్నె అమ్మకిచ్చాను. ఇంకాస్త పొయ్యరా అంది. పోశాను.”

“డాక్టర్లకి చెప్పావా?”

“అడిగారు పిన్నీ. చేర్చిన రోజే అడిగారు. ఈ మధ్య కొత్తగా ఏమైనా తిన్నారా, పుట్టగొడుగులేమైనా తిన్నారా అని. తిన్నది, అవి నేనే ఏరినవి, వాటి మీద అనుమానం అక్కర్లేదన్నాను. ఆ డాక్టరు కుర్రవాడు. నా పేరు విన్నాడట, నా పుస్తకం వాళ్ళింట్లో ఉందట. మీరే చెప్పాక ఇంకేముందండీ అని, రాసుకున్న ముక్క కొట్టేశాడు. నా కళ్ళ ముందే కొట్టేశాడు.”

“ఇప్పుడైనా చెప్పావా?”

“నిన్న వెళ్ళి చెప్పాను. కొట్టేసిన ముక్క పక్కన మళ్ళీ రాసుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ రోజు నేను ‘నాకు తెలీదండీ’ అని ఉంటే చాలు బాబాయ్. నన్నడిగింది అంతే. తెలీదని ఒక్క మాట అని ఉంటే, ఈ కాయితం పది రోజుల ముందే మీ చేతికొచ్చేదేమో.”

“గిన్నె ఇలా ఇవ్వండి. ఇవ్వండి ముందు... నాయనా, కినూ అక్క తిన్న ఎన్నో రోజుకి మొదలైంది?”

“అదెందుకిప్పుడు పిన్నీ?”

“చెప్పు మాస్టారూ. అడుగుతోంది కదా. చెప్పు.”

“తొమ్మిదో రోజు. పొద్దున చేతిలో అన్నం తినే పుల్లలు నిలబడట్లేదు, అన్నం జారిపోతోందంది. నవ్వింది కూడా. సాయంత్రానికి కాళ్ళు తూలాయి.”

“అంతకు ముందు రోజు?”

“బాగానే ఉంది. కట్టెలు కూడా కొట్టింది.”

“తలనొప్పి? కడుపులో తిప్పడం?”

“ఏమీ లేదు బాబాయ్. ఎనిమిది రోజులూ ఏమీ లేదు.”

“హత్సూ, ఆ కుండ దించు. దించి పెరట్లో, లోతుగా తవ్వి పారబొయ్యి. కుక్కలు తాకకుండా.”

“నమ్మారా బాబాయ్? ఇప్పటికి నమ్మారా?”

“నిన్న టీవీలో చూసినప్పుడే నమ్మాను మాస్టారూ. మానేస్తే నిజమని ఒప్పుకున్నట్టేనని పట్టుబట్టి మళ్ళీ వండించాను. నువ్వొచ్చావు కదా, ఎట్లాగైనా సరే, ఇదంతా తప్పని నీ నోటితో అనిపించాలని ఇంతసేపూ నీతో కొట్లాడాను. మా ఇంట్లో మొదటి కుండ దించి, నేను రెండో గిన్నె తాగి ఇవాళ్టికి ఎనిమిది రోజులు.”